మా ముత్తాత మూర, ఫ్రాన్సు వాళ్ళ మీటరు

బీఎస్సీ మ్యాథ్స్‌లో ఈసారి పదిహేను మంది చేరకపోతే సెక్షను ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో చెప్పినప్పుడు, నేను వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుని ఉన్నాను. మా ఇంట్లో మగవాళ్ళు కుర్చీకి వీపు ఆనించరు. ఎందుకో ఎవరికీ తెలియదు. భూములు పోయాయి, ఇల్లు పోయింది, ఇది మాత్రం మిగిలింది.

"సెక్షను పోయినా మీకేం భయం లేదు సార్. బీకాం పిల్లలకు బిజినెస్ మ్యాథ్స్ చెప్పుకోవచ్చు" అని ఆయన ఓదార్చాడు.

ఇరవయ్యారేళ్ళుగా నేను రియల్ అనాలిసిస్ చెబుతున్నాను. శాతాలు, డిస్కౌంట్లు చెప్పుకుని రిటైరు కమ్మని నాతో అన్న మొదటి మనిషి ఆయనే. మా తాత రోజులైతే అటువంటి మాట అన్నవాణ్ణి ఏం చేసేవారో నాకు తెలుసు. ఏమీ చేసేవారు కాదు. మా తాతకు కోపం వస్తే లోపలికి వెళ్ళి పడుకునేవాడు. బయట జనం మాత్రం ఆయన ఏదో చేయబోతున్నాడని వణికేవారు. మా వంశం పరువంతా దాదాపుగా ఇలాగే నడిచింది.

మా వైపు ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో లెక్చరర్లకు ఎండాకాలం సెలవులు ఉండవు. ఇంటర్ ఫలితాలు రాగానే మార్కుల జాబితాలు పట్టుకుని ఊళ్ళ మీద పడాలి. ఇంటింటికీ పోయి, చెప్పులు వాకిట్లో విడిచి, నీళ్ళు తాగి, మీ అబ్బాయిని మా కాలేజీలో చేర్పించండి అని అడగాలి. దీని పేరు క్యాన్వాసింగ్. ఇంజనీరింగు కాలేజీల వాళ్ళు కార్లలో వచ్చి పిల్లలకు బ్యాగులు పంచిపెడతారు. మాకు కరపత్రాలు ఉండేవి. అందులో మా కాలేజీ బిల్డింగు ఫొటో, బిల్డింగు కంటే బాగుండేది.

మా పూర్వీకులు పల్లెల మీదికి గుర్రాలెక్కి పోయేవారట. నేను ఫిజిక్సు లెక్చరరు మోటారు సైకిలు వెనక కూర్చుని పోయేవాణ్ణి. ఆయన కర్నూలు పాతబస్తీ మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న, నోరు ఊరుకోదు.

"సార్, కొంచెం వంగి కూచోండి. మీరట్ల నిటారుగా కూచుంటే గాలంతా మీకే తగుల్తాండాది. బండి ముందుకు పోదు."

"నా నిటారుకూ నీ ఇంజనుకూ ఏం సంబంధం?"

"ఫిజిక్సు సార్. మీకు తెలీదులే."

బీఎస్సీ మ్యాథ్స్ చదివితే ఏమొస్తుందని తండ్రులు అడుగుతారు. దీనికి సూటి జవాబు ఉంది, కానీ చెప్పాలంటే నాకు చిన్నతనం. అందుకని నేను ఫ్రాన్సు విప్లవం చెప్పేవాణ్ణి.

ఇది నాకు ఇష్టమైన పాఠం. గణిత చరిత్ర అని ఒక చిన్న పేపరు ఉండేది, అందులో ఈ భాగం ఏటా నేనే తీసుకునేవాణ్ణి. ఫ్రాన్సులో రాజు తల తీశారు. దొరల తలలూ తీశారు. అదే పదేళ్ళలో గణితం పరుగులు పెట్టింది. రాజుగారి కొలువులో ఉండిన లెక్కల పండితులు ఒక ఉదయం లేచి చూసేసరికి రాజు లేడు. పాపం, ఏం చేస్తారు? బడిపంతుళ్ళయ్యారు. కొత్త ప్రభుత్వం బళ్ళు పెట్టి, దేశం నలుమూలల నుంచీ మీసాలొచ్చిన విద్యార్థులను పిలిపించింది. పండితుడు కాగితం చూసి చదవకూడదు, నిలబడి నోటితో చెప్పాలి, విద్యార్థి ప్రశ్న వేస్తే అక్కడికక్కడే జవాబివ్వాలి అని నియమం పెట్టింది. అంతవరకూ కోటగోడలు గీసే జ్యామితి ఒకటి సైనిక రహస్యంగా ఉండేది. దాన్ని కనిపెట్టినవాడు చిల్లర వర్తకుడి కొడుకు. ఆయనే ఇప్పుడు దాన్ని నల్లబల్ల మీద అందరికీ గీసి చూపించాడు. రాజసభల్లో, పండితుల ఉత్తరాల్లో దాగి ఉండిన విద్య సుద్దముక్క పట్టుకుని బయటికొచ్చింది. ఇప్పటికీ మనం లెక్కలు చెప్పే పద్ధతి అదే.

క్లాసులో పిల్లలకు బాగా నచ్చేది మాత్రం ఆమ్లెట్టు కథ. ఒక ప్రభువు ఉండేవాడు. మంచి గణితవేత్త, విప్లవం పక్షమే, కానీ చివరికి ఆ పక్షం వాళ్ళకే దూరమయ్యాడు. తల కాపాడుకోవడానికి మారువేషంలో పారిపోతూ, ఆకలేసి ఒక పూటకూళ్ళ ఇంట్లో ఆమ్లెట్టు అడిగాడట. ఎన్ని గుడ్లతో వేయమంటావని అడిగితే పన్నెండు అన్నాడట. ఆమ్లెట్టుకు ఎన్ని గుడ్లో తెలియనివాడు కష్టం చేసుకుని బతికేవాడు కాదని తెలిసిపోయి పట్టుకున్నారట. కథ ఎంతవరకు నిజమో నాకు తెలియదు, కానీ నేను పూర్తిగా నమ్ముతాను. మా పెద్దనాన్నకు చివరిదాకా ఆవుకు ఏ పూట పాలు పిండుతారో తెలియదు. విప్లవం మా ఊరికి రాలేదు కాబట్టి ఆయన నిద్రలో పోయాడు.

నందికొట్కూరులో ఒక కిరాణా కొట్టు యజమాని ఈ పాఠమంతా ఓపిగ్గా విన్నాడు. మధ్యలో ఇద్దరికి కందిపప్పు కట్టిచ్చాడు. చివరికి అన్నాడు:

"అంతా బాగుండాది సార్. ఆ విప్లవమంతా అయిపోయినాక మావోనికి ఉద్యోగం యాడొస్తాది?"

ఫిజిక్సు లెక్చరరు అందుకున్నాడు. "బ్యాంకు పరీక్షలు రాసుకోవచ్చు. బీఈడీ చేస్తే టీచరు. ఇప్పుడు కంప్యూటర్లోళ్ళకి కూడా మ్యాథ్స్ పిల్లోళ్ళే గావాల."

"ఇదేదో ముందే చెప్పొచ్చు గదప్పా. ఆ రాజుని అనవసరంగా సంపిస్తిరి."

ఆ కుర్రవాడు చేరాడు. రాజును చంపకుండానే మరో పదముగ్గురు చేరారు. మే చివరికి పద్నాలుగు అయ్యారు. ఇంకొక్కరు కావాలి. గడువు నాలుగు రోజులు. ఫిజిక్సు లెక్చరరు జాబితా తీసి ఒక పేరు మీద వేలు పెట్టాడు. ఇంటర్ రెండేళ్ళూ కలిపి లెక్కల్లో మూడు వందలకు రెండు వందల తొంభై ఎనిమిది వచ్చిన అమ్మాయి. ఇంకా ఎక్కడా చేరలేదు. ఊరు పత్తికొండ అవతల.

"ఆ ఊరికి నేను రాను" అన్నాను.

"ఏం సార్? ఎవరన్నా కొడ్తారా?"

"అది మా ఊరు."

"అయితే ఇంకా మంచిది గదా. దొర వచ్చినాడని తట్టలో పెట్టి ఇస్తారు."

అదే నా భయం. ఇల్లు అమ్మిన తరవాత నేను ఆ ఊళ్ళో కాలు పెట్టింది రెండు చావులకు, ఒక పెళ్ళికి. మూడుసార్లూ కారులో పోయాను, అద్దెదే అయినా. ఇప్పుడు చేతిలో కరపత్రంతో, మోటారు సైకిలు వెనక సీటు మీద, ఒక పిల్లను ఇవ్వండని అడుక్కోవడానికి పోవాలి. ఒక రాత్రి ఆలోచించి, బీకాం వాళ్ళ డిస్కౌంట్లు గుర్తు తెచ్చుకుని, సరే పోదామన్నాను. దారిలో పత్తికొండలో టిఫినుకని ఉగ్గాని, బజ్జి తీసుకున్నాం. ఆయన రెండు ప్లేట్లు తిన్నాడు. రెండోది నాది.

ఆ అమ్మాయి ఇల్లు ఊరి చివర. కడప బండలు పరిచిన రెండు గదులు, ముందు రేకుల పంచ. అమ్మా నాన్నా తుమ్మలపల్లె గని దగ్గర కాంట్రాక్టు పనికి పోయి ఉన్నారు. ఇంట్లో మాట అవ్వది. డెబ్భై దాటిన మనిషి, పంచలో నులక మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డలు ఏరుతోంది. అమ్మాయి గడపలో నిలబడింది.

"ఎవరప్పా?"

"కర్నూలు కాలేజీ నుంచి వచ్చినామమ్మా" అన్నాడు ఫిజిక్సు లెక్చరరు.

అవ్వ ఆయన్ని వదిలేసి నన్ను చూసింది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి.

"ఈయప్పని నేనెరుగుదు. ఆ నిక్కినట్ల నిలబడేది జూడు. పెద్దింటోళ్ళ బిడ్డవి గదూ?"

"అవునవ్వా."

"కూచో సామీ. మంచం ఇరగదులే. మీ తాత కూచోనుంటే ఇరిగేది."

ఆమె లేవలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది. మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఫిజిక్సు లెక్చరరు ఖాళీ గంపొకటి బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. ఎక్కడైనా కూర్చోగలడు ఆయన.

"ఏం గావాల?"

"మీ మనవరాలు లెక్కల్లో చాలా గట్టిది. మా కాలేజీలో చేర్పిస్తారేమోనని అడగడానికి వచ్చాం."

అవ్వ నవ్వింది. పళ్ళు నాలుగైదు ఉన్నాయి, అన్నీ కనిపించాయి. "మీ ఇంటోళ్ళు మా గడపకొచ్చి అడిగేది ఇదే మొదులు. అంతకుముందు పిలనంపేటోళ్ళు. మొన్న ఇంజనీరింగోళ్ళొచ్చి బ్యాగిచ్చిపోయినారు. నువ్వేం తెచ్చినావు?"

కరపత్రం ఇచ్చాను. ఆమె దాన్ని మడిచి ఈగలు తోలుకుంది.

వేరే దారి లేక ఫ్రాన్సులో దిగాను. ఆడపిల్ల కాబట్టి కథ మార్చాను. ఆ విప్లవంలో పెట్టిన బడిలో ఆడపిల్లలను చేర్చుకోలేదనీ, ఒక అమ్మాయి పాఠాల నోట్సు ఎలాగో సంపాదించి ఇంట్లోనే చదువుకుని, మగ పేరుతో జవాబులు రాసి పంపితే, మాస్టారు ఈ తెలివైనవాడెవడో చూద్దామని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడనీ, ఆమె తరవాత పెద్ద గణితవేత్త అయిందనీ చెప్పాను. మనవరాలు గడపలోంచి ఒక అడుగు ముందుకొచ్చింది.

"ఆ పిల్లకి పెండ్లయిందా?" అంది అవ్వ.

"లేదు. పెళ్ళి చేసుకోలేదు."

"ఈ కత బయట యాడా చెప్పాకు."

ఫిజిక్సు లెక్చరరు దగ్గినట్టు నటించాడు. నేను కథ మార్చి మీటరు ఎత్తుకున్నాను. ఫ్రాన్సులో ఒక్కో దొరకు ఒక్కో కొలత ఉండేదనీ, ఊరు దాటితే గజం మారిపోయేదనీ, రైతులు రాజుకు మొర పెట్టుకున్నా ఆయన వినలేదనీ, విప్లవం వచ్చాక ఎవడి చేయీ, ఎవడి కాలూ కొలత కాకూడదని భూగోళాన్నే కొలిచి మీటరు తీశారనీ చెప్పాను. ఇద్దరు పండితులు ఉత్తరాన సముద్రం నుంచి దక్షిణాన సముద్రం దాకా కొండకూ కొండకూ గురి పెట్టి కొలుస్తూ పోతే, ఊళ్ళవాళ్ళు వీళ్ళెవరో గూఢచారులని పట్టుకుని కూర్చోబెట్టారనీ, ఆ పనికి ఏడేళ్ళు పట్టిందనీ చెప్పాను. నా గొంతు నాకే బాగా వినిపించింది.

"అక్కడ దొరల కొలతలు దొంగ కొలతలు" అని ముగించాను.

"ఈడ మాత్రం?" అంది అవ్వ, ఉల్లిగడ్డ పొట్టు ఊదుతూ.

"అంటే?"

"ఈడ మీ మూర గదా."

దీని గురించి కొంచెం చెప్పాలి. మా ముత్తాత ఆజానుబాహువు. ఆయన మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఎంతో అదే మా ఊరికి మూర. మా పాత ఇంటి తలవాకిట్లో రాతి కంబానికి ఆ కొలత చెక్కించి పెట్టారు. ఆ మూరలు ఎనిమిది కలిపి వెదురు గడె కోసేవారు. చేలో కలుపు తీయడానికో, కోతకో గుత్తకిచ్చినప్పుడు ఆ గడెతోనే కొలిచేవారు. గడె పొడవు, గడె వెడల్పు చదరం తీస్తే ఇంత కూలి. మా తాత కాలం దాకా అలాగే నడిచింది. ఊరంతటికీ కొలత మా రక్తం నుంచి వచ్చిందని మా ఇంట్లో పండగలకు గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

"ఆ కంబానికి రెండు గీట్లు ఉండాయి, ఎప్పుడన్నా చూసినావా?" అంది అవ్వ.

"ఉన్నాయి. కిందిది రాయి చెక్కినవాడు పొరపాటున పెట్టింది. తరవాత సరిచేసి పైది పెట్టాడు."

"ఎవరు చెప్పిరి?"

"మా నాన్న."

"మీ నాయన మంచోడు. ఆయప్పకి మీ తాత చెప్పుంటాడు." అవ్వ ఉల్లిగడ్డల గంప పక్కకు పెట్టింది. "పై గీటు మీ ముత్తాత చెయ్యి. కింది గీటు మీ ముత్తవ్వ చెయ్యి. మాతో పని చేపిచ్చుకునేటప్పుడు ముత్తాత మూర గడె తెచ్చేది. ఊరి పనోళ్ళకి మాన్యం చేను కొలిచిచ్చేటప్పుడు ముత్తవ్వ మూర గడె తెచ్చేది. రెండు గడెలూ ఒకే సూరులో ఉండేటివి. నేనే తెచ్చిచ్చేదాన్ని."

అయినా నిటారుగానే కూర్చున్నాను. "అలాగే అనుకుందాం అవ్వా. తేడా ఎంత? నాలుగు వేళ్ళు."

"నాలుగు వేళ్ళా! ఒక దినం కూలికి దినమున్నర పని చేసినాం."

"దినమున్నర అనేది అతిశయోక్తి. మూరలో నాలుగు వేళ్ళంటే మహా అయితే ఐదో వంతు."

"నీ వంతులు నాకు తెలీవు. నా నడుముకి తెలుసు."

అంతవరకూ మాట్లాడని అమ్మాయి లోపలికి పోయి, కుట్టు మిషను దగ్గరి టేపు మెడలో వేసుకుని వచ్చింది.

"కొలుద్దాం రాండి సార్" అంది.

ఫిజిక్సు లెక్చరరు అందరికంటే ముందు లేచాడు. ప్రయోగం అంటే ఆయనకు ప్రాణం, అందులోనూ నా మీద.

మా పాత ఇల్లు ఇప్పుడు ఎరువుల దుకాణం. కొన్న శెట్టి తలవాకిలిని అంగడి చేసి, లోపలి హాల్లో యూరియా నిలవ పెట్టాడు. నేను పుట్టిన గదిలో పురుగుమందు డబ్బాలు ఉన్నాయి. మమ్మల్ని చూసి శెట్టి గల్లా వదిలి ఎదురొచ్చాడు.

"రాండి రాండి దొరా! యాన్నుంచి యాడికి! ఏం గావాల, డీఏపీనా?"

"కంబం కొలవాల శెట్టీ" అంది అవ్వ.

కంబం చుట్టూ బస్తాలు. పైన గులాబీరంగు పురుగుమందు ప్రకటన అంటించి ఉంది. ఎరువుకు వచ్చిన నలుగురైదుగురు రైతులు తలో చెయ్యి వేసి బస్తాలు జరిపారు. ఏం జరుగుతోందో వాళ్ళకు తెలియదు, కానీ ఊరికే నిలబడే రకాలు కాదు. అడుగున అడ్డగీత, దాని మీద రెండు గీతలు. చిన్నప్పుడు నేను నా ఎత్తు చూసుకోవడానికి బొగ్గుతో పెట్టుకున్న గీతలు ఎప్పుడో సున్నం కింద పోయాయి. ఈ రెండూ పోలేదు.

అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని టేపు పెట్టింది. "కింది గీత నలభై ఐదు సెంటీమీటర్లు. పై గీత యాభై నాలుగు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "చూశారా! తొమ్మిది సెంటీమీటర్లు. నలభై ఐదులో తొమ్మిదంటే సరిగ్గా ఐదో వంతు. నేను చెప్పింది అదే. దినమున్నర కాదు, దినమూ ఐదో వంతు."

నలుగురి ముందూ, మా కంబం పక్కనే నిలబడి, లెక్కతో గెలిచాననుకున్నాను. ఆ సుఖం రెండు క్షణాలు ఉంది.

"మూరకు ఐదో వంతు సార్" అంది అమ్మాయి, లేవకుండానే. "చేనుకు కాదు గదా."

నేను మళ్ళీ కంబం మీది గీతలు చూశాను.

"గడె పొడవూ ఎక్కువాయె, వెడల్పూ ఎక్కువాయె. ఒకటీ పాయింట్ రెండుని మళ్ళా ఒకటీ పాయింట్ రెండుతో హెచ్చవేయాల. ఒకటీ పాయింట్ నాలుగు నాలుగు. నూరుకు కూలి ఇచ్చి నూట నలభై నాలుగు చేపిచ్చుకున్నారు. అవ్వ నూట యాభై అనింది." టేపు చుట్టుకుంటూ అవ్వ వైపు తిరిగింది. "ఆరు తప్పు చెప్పినావే, నూటికి."

"ఆ ఆరూ గట్ల మీద పెరికిన గడ్డి" అంది అవ్వ. "దాన్ని ఎవురూ కొల్చలేదు."

కొలబద్ద మారితే వైశాల్యం దాని వర్గంతో మారుతుందని నేను ఏటా జూలైలో బోర్డు మీద రాస్తాను. కింద రెండు గీతలు కూడా గీస్తాను. మరచిపోయి పరీక్షలో తప్పు చేసినవాళ్ళకు సున్నా వేస్తాను. ఇరవయ్యారేళ్ళలో మా ముత్తాత చేతిని ఒక్కసారి కూడా వర్గం చేయలేదు. రెండు గీతలు ఎందుకున్నాయని ఆలోచించలేదు. పొరపాటు గీత అని నాన్న చెబితే, రాతిలో వేలు పట్టేంత లోతుగా ఎవడైనా పొరపాటు చెక్కుతాడా అని అడగలేదు. ఫ్రాన్సు దొరల కాళ్ళు మాత్రం అంగుళాలతో సహా నాకు నోటికి వచ్చు.

శెట్టి గల్లా దగ్గర్నుంచి అనుమానంగా అడిగాడు: "దొరా, ఈ ఇల్లు నాకు రాసిచ్చేటప్పుడు ఏ మూరతో కొల్చినారు?"

"మీటర్లలో శెట్టీ. మీరు తెచ్చిన టేపుతోనే."

"బతికినా."

అందరూ నవ్వారు. అవ్వ ఒక యూరియా బస్తా మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని నన్ను చూసింది.

"ఏం సామీ? నాలుగు వేళ్ళా, దినమున్నరా?"

ఫిజిక్సు లెక్చరరు నా చెవి దగ్గర గొణిగాడు. "సార్, పదిహేనోది. ఒప్పేసుకోండి. ఏం పోతాది?"

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. ఇప్పుడు నేను ఒప్పుకుంటే సీటు కోసం ఒప్పుకున్నట్టు. ఒప్పుకోకపోతే సెక్షను పోయినట్టు. ఎటు చూసినా నా నిటారు నాకు మిగలదు. అవ్వ తొందరపెట్టలేదు. ఆమె ఆ గడె కింద ఎన్నేళ్ళు వంగిందో అన్నేళ్ళూ ఓపిక పట్టినట్టే ఉంది.

"అవ్వా, నీ మనవరాలిని పంపినా సరే, పంపకపోయినా సరే. నువ్వు చెప్పిందే సరి. తప్పు లెక్క నాది. అంతకుముందు మా తాతది."

"గట్టిగా చెప్పు. శెట్టికి చెవుడు."

"నాకేం చెవుడు లేదమ్మా" అన్నాడు శెట్టి.

"ఊరుకో శెట్టీ."

వెనక బెంచీకి వినపడేలా చెప్పడం నాకు అలవాటే. అలాగే మళ్ళీ చెప్పాను. రోడ్డు మీద పోతున్న ట్రాక్టరు డ్రైవరు కూడా తిరిగి చూశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక రైతు, యూరియా రెండు బస్తాలు కావాలి, తొందరగా వేయమని శెట్టిని కసురుకున్నాడు.

అవ్వ ఆ విషయం అయిపోయినట్టు వేరే ప్రశ్న వేసింది. "మీ ఆ సెక్షనో ఏందో, ఈ పిల్ల మూడేండ్లు సదివేదాకా ఉంటాదా? నడాన ఎత్తేస్తారా?"

ఫిజిక్సు లెక్చరరు నా మోచేయి గిల్లాడు. కరపత్రంలో ఈ ప్రశ్నకు జవాబు ఉంది, పెద్ద అక్షరాల్లో, శాశ్వత గుర్తింపు అని. నేను ఆ పూటకు ఒక తప్పు లెక్క చాలనుకున్నాను.

"ఈ పిల్ల చేరితే పదిహేను నిండుతుంది. నిండితే ఈ బ్యాచిని మూడేళ్ళూ నడుపుతామని మాటిచ్చారు. ఆ మాట నిలబెడతారో లేదో నేను చెప్పలేను. వచ్చే ఏడు మళ్ళీ పదిహేను కోసం నేను ఊళ్ళు తిరగాలి."

"చేరకపోతే?"

"సెక్షను ఈ ఏడే పోతుంది. నేను బీకాం పిల్లలకు డిస్కౌంట్లు చెప్పుకుంటాను."

అవ్వ తల ఊపింది. "ఇంజనీరింగోళ్ళు ఏది అడిగినా బాగుంటాది బాగుంటాది అనిరి. హాస్టలు బాగుంటాది, తిండి బాగుంటాది, ఉద్యోగం బాగుంటాది. నువ్వొకనివే తెలీదంటాండావు." మనవరాలి వైపు తిరిగింది. "నీకేం గావాలే?"

"వాళ్ళ కంప్యూటర్ కోర్సులో రెండేండ్లు అయినాక లెక్కలు అయిపోతాయవ్వా. దీంట్లో అయిపోవు."

"అయిపోకుంటే ఏం జేస్తావు?"

"చేస్తానే ఉంటా."

"అట్లయితే పో. మీ నాయనకి నేను ఫోన్ జేస్తా."

దరఖాస్తు అక్కడే, యూరియా బస్తా మీద పెట్టి నింపింది. మార్కులు, ఆధార్ నంబరు, చిరునామా అన్నీ రాసి చివరి గడి దగ్గర ఆగింది. ఎవరి ద్వారా చేరుతున్నారు అని ఉంటుంది ఆ గడిలో. అక్కడ లెక్చరరు పేరు రాయాలి. ఎవరి పేరు మీద ఎంతమంది చేరారో చూసే ప్రిన్సిపాల్ ఇంక్రిమెంట్లు ఇస్తాడు. ఆ గడి కోసం కెమిస్ట్రీ ఆయన, కామర్స్ ఆయన ఒకసారి స్టాఫ్ రూములో చొక్కాలు పట్టుకున్నారు. ఫిజిక్సు లెక్చరరు ఈ దరఖాస్తు నాకే వదిలేస్తున్నట్టు ఉదారంగా చెయ్యి ఊపాడు.

అమ్మాయి వాళ్ళ అవ్వ పేరు రాసింది. ఇంటిపేరుతో సహా.

"అక్కడ లెక్చరరు పేరు రాయాలమ్మా" అన్నాను.

"మీరు చెప్పిందానికి చేరలేదు గదా సార్. ఆ రాజు కత ఇంజనీరింగోళ్ళు కూడా చెప్పొచ్చు. అవ్వ పొమ్మనింది కాబట్టి పోతాండా."

కొట్టేసి నా పేరు రాసుకోవచ్చు. పెన్ను నా జేబులోనే ఉంది. దరఖాస్తు మడిచి అదే జేబులో పెట్టుకున్నాను.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ టేబుల్ మీద పదిహేను దరఖాస్తులు పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ తిప్పి చివరి గడి చూస్తూ, పక్క కాగితం మీద మా పేర్లకు ఎదురుగా గీతలు గీసుకుంటున్నాడు. పదిహేనోదాని దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఈ మేడమ్ ఎవరండీ? మన స్టాఫ్‌లో నాకు తెలియకుండా ఎవరు చేరారు? ఏ డిపార్టుమెంటు?"

"మ్యాథ్స్" అన్నాను.